తుపాకీ మన రాజ్యాంగంలో హక్కు ఎందుకు కాలేదు?

డల్లాస్‌లో ఉంటున్న మీ అన్నయ్య "ఇక్కడ తుపాకీ హక్కు, మన దగ్గర కలెక్టరు దయ" అన్నారని రాశారు. గాంధీగారే ఆయుధాల చట్టాన్ని తప్పుబట్టారని, 1931 కరాచీ కాంగ్రెస్ ఆయుధ హక్కును తీర్మానంలో పెట్టిందని చదివి, మరి స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో దాన్ని ఎందుకు వదిలేశారని అడిగారు. చివర్న అసలు అవసరం చెప్పారు: రెండు నెలల క్రితం కాలం చేసిన మీ తాతగారి డబుల్ బ్యారెల్ ఇంకా ఇంట్లో బీరువాలోనే ఉంది, మనవడిగా దాన్ని ఉంచుకునే హక్కు మీకుందా అని. ఆ మూడోదానికి జవాబు ఆఖర్న ఇస్తాను గానీ, ముందే ఒక మాట. ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకుని ఇంకొక్క వారం కూడా గడపకండి.

నేను అనంతపురం జిల్లాలో 31 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. తుపాకీ లైసెన్సు తిరస్కరిస్తే అప్పీళ్లు వేశాను, రద్దు చేస్తే రిట్లు వేశాను, ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద పట్టుబడినవాళ్ల తరఫున వాదించాను. ఫ్యాక్షన్ ఊళ్లలో నాటు బాంబుకు చెయ్యి పోగొట్టుకున్న మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, వేలిముద్ర వెయ్యడానికి వేళ్లు లేక ఇబ్బందిపడటం కళ్లారా చూశాను. కాబట్టి ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాన్ని దాచను. ఆయుధం ప్రాథమిక హక్కు కాకపోవడం మంచిదే అయింది. కానీ హక్కు ఇవ్వనప్పుడు ప్రభుత్వం మనకు ఒక మాట బాకీ పడింది: కాదంటే ఎందుకు కాదంటున్నామో రాసి ఇస్తామని. ఆ బాకీ ఇంకా సరిగా తీరలేదు. నేను చెప్పేదంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ అన్నయ్య మాట. అమెరికా రాజ్యాంగానికి రెండో సవరణ 1791లో వచ్చింది. ఇంగ్లిష్‌లో మొత్తం 27 పదాలు. స్వేచ్ఛగల రాజ్య భద్రతకు క్రమశిక్షణ గల ప్రజాదళం అవసరం కాబట్టి, ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు అని దాని సారాంశం. గొడవంతా ఆ "కాబట్టి" దగ్గరే. హక్కు ప్రజాదళం కోసమా, లేక ప్రతి మనిషి సొంతమా? 1939లో మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు ప్రజాదళం వైపు మొగ్గింది. ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని ఆ కోర్టు స్పష్టంగా చెప్పింది 2008లో, హెల్లర్ కేసులో. అదీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. అంటే సవరణ వచ్చిన 217 ఏళ్లకు, ఒక్క ఓటు తేడాతో. 2010లో మెక్‌డొనాల్డ్ కేసుతో అది రాష్ట్రాలకూ వర్తించింది. 2022లో బ్రూయెన్ కేసుతో ఇల్లు దాటి బజారుకు వచ్చింది. 2024లో రహిమి కేసులో అదే కోర్టు, ఇంట్లో ఆడమనిషిని బెదిరించి కోర్టు నిషేధాజ్ఞ కిందున్నవాడి చేతినుంచి తుపాకీ తీసెయ్యొచ్చని ఎనిమిది మంది ఒక్కమాటగా చెప్పింది. అక్కడ కూడా అది అంచుల్లేని హక్కు కాదు.

ఇంకో సంగతి మీ అన్నయ్యకు చెప్పండి. ఆయన ఎఫ్-1 (చదువు వీసా) మీదో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీదో ఉంటే, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చాక లెక్క మారుతుంది. స్నేహితుడి తుపాకీ పట్టుకుని షూటింగ్ రేంజ్‌లో ఫోటో దిగి పెట్టే మన పిల్లలు ఇది తెలుసుకోవాలి, వీసాకే ఎసరు వస్తుంది. "ప్రజల హక్కు" అన్న మాటలో ఆ ప్రజలు ఎవరనేది ఎప్పుడూ ఎవరో ఒకరు తేలుస్తూనే ఉన్నారు.

ఈ ముక్క చరిత్రంతా కనిపిస్తుంది. అమెరికన్ల హక్కుకు తాత లాంటిది ఇంగ్లండ్ 1689 హక్కుల పత్రం. అందులో ఆయుధాలు ఉంచుకోవచ్చన్నది ప్రొటెస్టెంట్లకు మాత్రమే, అదీ వాళ్ల స్థాయికి తగ్గట్టు, చట్టం అనుమతించినంత మేరకు. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లవాళ్లను పౌరులుగా ఒప్పుకుంటే వాళ్లు ఎక్కడికి పోయినా ఆయుధాలు పట్టుకుని తిరిగే హక్కు కూడా ఒప్పుకోవాల్సి వస్తుందని, పౌరసత్వం నిరాకరించడానికి దాన్నే ఒక కారణంగా చూపించాడు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విముక్తులైన నల్లవాళ్లు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టకూడదని చట్టం చేసింది. హక్కు కాగితం మీద ఉన్న చోట కూడా "ఎవరికి" అన్న ప్రశ్న వదల్లేదు.

ఇక మన దేశం. అదే 1857లో తిరుగుబాటు వచ్చింది, ఆ వెంటనే జనం దగ్గరున్న ఆయుధాలు లాగేసుకునే చట్టం వచ్చింది. 1860లో ఇంకొకటి. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా 11వ నంబరు చట్టంగా ఆయుధాల చట్టం తెచ్చారు. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా అదే ఏడాదిది, అదే వైస్రాయిది. మాట, ఆయుధం రెండూ ఒకే ఏడు లాక్కున్నారు. భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకు అక్కర్లేదు. రాజాలకు, కొందరు బిరుదాంకితులకు మినహాయింపు. కొడగు వాళ్లకు జాతిపరంగా ఇచ్చిన మినహాయింపు ఈనాటికీ నడుస్తోంది, 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది కూడా.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ మనిషికి ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది, ప్రాణం మీదికొస్తే ఎదుటివాణ్ణి చంపినా నేరం కాదంది. 18 ఏళ్ల తర్వాత వచ్చిన చట్టం ఆ రక్షణకు పనిముట్టు మాత్రం తెల్లవాడికి అడక్కుండా, నల్లవాడికి అడిగితేనే అంది. జాతీయ నాయకులకు మండింది దీనికే. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెస్ సభలో బిపిన్ చంద్ర పాల్ ఈ వివక్షనే ఎత్తిచూపి, చట్టం ఎత్తెయ్యాలని మాట్లాడారు. ఆ తొలినాళ్ల కాంగ్రెస్ తీర్మానాలు చదివితే వాళ్ల కోరిక ఏమిటో తెలుస్తుంది. అందరూ ఆయుధాలు ఉంచుకోవచ్చు అనేది నియమం కావాలి. ఎవరికైనా వద్దనాలంటే ప్రభుత్వం కారణాలు రాతలో పెట్టి ప్రకటించాలి. "రాతలో కారణాలు" అన్న ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా 31 ఏళ్ల వృత్తిలో సగం గొడవ దానికోసమే.

గాంధీగారి మాట గురించి. బ్రిటిష్ పాలన చేసిన చెడ్డపనులన్నిటిలోకీ మొత్తం జాతిని నిరాయుధం చేసిన చట్టాన్నే చరిత్ర అతి నల్లనిదిగా చూస్తుందని ఆయన అన్నమాట నిజం. కానీ ఎక్కడన్నారో చూడాలి. 1918లో ఖేడా జిల్లాలో, మొదటి ప్రపంచయుద్ధానికి జనాన్ని సైన్యంలో చేర్పించడానికి వేసిన కరపత్రంలో. ఆయుధాల చట్టం పోవాలంటే, ఆయుధం పట్టడం నేర్చుకోవాలంటే ఇదే అదను, రండి చేరండి అని దాని పిలుపు. ఇంటికో పిస్తోలు కావాలని ఆయన ఎప్పుడూ అనలేదు. 1930 జనవరిలో వైస్రాయి ఇర్విన్ ముందు పెట్టిన 11 కోరికల్లో, ఉప్పు పన్ను ఎత్తెయ్యడంతో పాటు, ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అందులోనే ఆ లైసెన్సుల మీద ప్రజల అదుపు ఉండాలని కూడా ఉంది. వాట్సాప్‌లో తిరిగే సగం వాక్యాన్ని పట్టుకుని ఆయన్ని తుపాకీ హక్కుల వకీలును చెయ్యడం అన్యాయం.

1928 నెహ్రూ నివేదికలోనూ (ఇది మోతీలాల్ గారిది), 1931 మార్చిలో కరాచీ తీర్మానంలోనూ ప్రతి పౌరుడికీ ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కు ఉంటుందని నిజంగానే రాశారు. మీరు చదివింది కరెక్టే. దాని పక్కనే "అందుకోసం చేసిన నిబంధనలకు లోబడి" అని కూడా రాశారు.

మన తెలుగు నేల మీద ఈ చట్టం అసలు రూపం చూడాలంటే 1922 ఆగస్టు తలుచుకోవాలి. అల్లూరి సీతారామరాజు మన్యం మనుషులతో ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. ఆయన వెతికింది ఖజానా కోసం కాదు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. తీసుకున్నవాటి లెక్క స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. నాకు ఆ సంతకం చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అడవిలో పోడు చేసుకునే మనిషికి విల్లమ్ములు మిగిల్చి, తుపాకులన్నీ స్టేషన్ గదిలో తాళం వేసుకున్న ప్రభుత్వానికి, ఆ తాళం పగలగొట్టి రసీదు ఇచ్చిన మనిషి ఆయన. వలస పాలనలో ఆయుధాల చట్టమంటే తుపాకీ ఏ గదిలో ఉంది, తాళంచెవి ఎవరి మొలలో ఉంది అన్నదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1948 డిసెంబరు 1, 2 తేదీల్లో రాజ్యాంగ సభ ముసాయిదా 13వ అధికరణం చర్చించింది. ఇప్పటి 19వ అధికరణం అదే: మాట్లాడే స్వేచ్ఛ, సమావేశమయ్యే స్వేచ్ఛ వగైరా. హెచ్.వి. కామత్ లేచి, ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కును కూడా ఆ జాబితాలో చేర్చాలని సవరణ పెట్టారు. కామత్ ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి సుభాష్ బోస్ ఫార్వర్డ్ బ్లాక్‌లో చేరిన మనిషి, సభలో గట్టి గొంతు. కరాచీలో మీరే ఒప్పుకున్నారు కదా అని కాంగ్రెస్‌కు గుర్తుచేశారు. హక్కుకు నిబంధనలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని తన సవరణలోనే రాశారు.

అంబేడ్కర్ జవాబు నేను కుర్రవాడిగా మొదటిసారి చదివినప్పుడు కాస్త నిరాశ పడ్డాను. పదేళ్లు ప్రాక్టీసు చేశాక మళ్లీ చదివితే అదే జవాబు రాయిలా నిలబడింది. ఆయన చరిత్రను కాదనలేదు. కాంగ్రెస్ అడిగిందన్నది నిజమేనన్నారు. కానీ బ్రిటిష్ వాళ్లు ఆయుధాలు వద్దన్నది శాంతిభద్రతల కోసం కాదు, పరాయి ప్రభుత్వం మీద బానిస జాతి తిరగబడకూడదని. ఆ పరిస్థితి ఇప్పుడు పోయింది కాబట్టి ఆ తీర్మానాల ఆధారమే పోయిందన్నారు. ప్రతివాడూ బజారుకు వెళ్లి, ప్రభుత్వం అడ్డూ ఆపూ లేకుండా, దాడి చేసే సాధనాలు ఇష్టమొచ్చినట్టు కొనుక్కునే హక్కు ఉంటే పాలన ఎలా నడుస్తుందో తన ఊహకు అందడం లేదన్నారు. ఆపైన ఇంకో మాట: మనం పట్టుబట్టాల్సింది వ్యక్తికి ఆయుధం ధరించే హక్కు కోసం కాదు, ఆయుధం ధరించే బాధ్యత కోసం. దేశానికి ముప్పు వచ్చినప్పుడు ప్రతి పౌరుణ్ణీ పిలిచే అధికారం ప్రభుత్వానికి ఉండాలి, అది వేరే అధికరణంలో పెట్టాం అన్నారు. ప్రజా ప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించవచ్చన్న నేటి 23వ అధికరణం రెండో భాగం అదే. కామత్ సవరణ వీగిపోయింది.

ఆ మాటలు ఏ రోజుల్లో అన్నవో కూడా చూడండి. విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. గాంధీగారు పిస్తోలు గుళ్లకు కూలి పది నెలలు. హైదరాబాదు మీద పోలీసు చర్య ముగిసి మూడు నెలలైనా కాలేదు. తెలంగాణ పల్లెల్లో తుపాకులు ఇంకా పేలుతున్నాయి. అంబేడ్కర్ వీటిని ఆ జవాబులో పేరు పెట్టి చెప్పలేదు. కానీ ఆ సభలో కూర్చున్న వాళ్లెవరూ ఇవి మరిచిపోయి చేతులెత్తి ఉండరని నా నమ్మకం.

తెలంగాణ మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు, దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణం వదిలాడు. ఆ రోజు తుపాకులు గడీలో ఉన్నాయి, వాడలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. అక్కడినుంచి జనం బర్మార్లు (మూతినుంచి మందు కూరే నాటు తుపాకులు) పట్టేదాకా పోయింది కథ. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆగలేదు. ఇది చదివి కొందరు, చూశారా పేదవాడికి తుపాకీ హక్కు ఉంటే ఇలా జరిగేదా అంటారు. నా అనుభవం వేరే చెబుతుంది. తుపాకీ బజారు సరుకైతే ఊళ్లో ముందు కొనేది గడీయే. పది ఎకరాలవాడు ఒకటి కొంటే, రెండొందల ఎకరాలవాడు ఇరవై కొని ఇరవై మంది చేతుల్లో పెడతాడు. మా సీమ ఫ్యాక్షన్ నేర్పిన పాఠం ఇది. సమానత్వం తుపాకీ వల్ల రాదని అంబేడ్కర్‌కు మనకంటే బాగా తెలుసు, అంటరానితనాన్ని అనుభవించిన మనిషి ఆయన.

కాబట్టి రాజ్యాంగంలో ఆయుధం మాట రెండు చోట్ల మాత్రమే హక్కుల దగ్గర కనిపిస్తుంది. 19వ అధికరణంలో శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. 25వ అధికరణం వివరణలో సిక్కులు కృపాణం ధరించడం మతాచరణలో భాగమని. తుపాకులు, మందుగుండు మీద చట్టం చేసే అధికారం కేంద్ర జాబితాలో 5వ అంశం.

దాన్ని బట్టి పార్లమెంటు 1959లో 54వ నంబరు చట్టంగా కొత్త ఆయుధాల చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీన్ని చాలామంది బ్రిటిష్ చట్టానికి పేరు మార్చిన నకలు అంటారు. అది పొరపాటు. సెక్షన్లు చదివితే 1887 మద్రాసు మాటలు అందులో వినిపిస్తాయి. 13వ సెక్షన్ ప్రకారం, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టపు తుపాకీని రక్షణకో ఆటకో అడిగినా, మూతినుంచి మందు కూరే తుపాకీని నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగినా, అధికారి లైసెన్సు ఇవ్వాలి అని ఉంది. "ఇవ్వవచ్చు" అని లేదు. రివాల్వర్, రైఫిల్ లాంటివాటికి తగిన కారణం చూపించాలి. 14వ సెక్షన్ తిరస్కరించే సందర్భాలు చెబుతూనే, ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదంటుంది. 1878లో రాజాలకు మినహాయింపు ఇచ్చిన దేశంలో ఈ వాక్యం చిన్నది కాదు. అదే సెక్షన్ మూడో ఉపసెక్షన్: తిరస్కరిస్తే కారణాలు రాతలో నమోదు చెయ్యాలి, అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి, ఇవ్వడం ప్రజాహితం కాదనుకుంటే తప్ప. 18వ సెక్షన్ అప్పీలు.

ఇదే ప్రాథమిక హక్కని కోర్టులు ఎప్పుడైనా అన్నాయా? ఒకసారి అన్నారు. అంతకుముందు 1985లో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ (ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో జడ్జీలు కూర్చునే ధర్మాసనం) కైలాష్ నాథ్ కేసులో లైసెన్సు అనేది ప్రత్యేకావకాశం మాత్రమేనంది. 1993లో అదే కోర్టులో గణేశ్ చంద్ర భట్ కేసులో, నిషేధం లేని తుపాకీ ఉంచుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, ఆత్మగౌరవంతో బతకడానికి అది కావాలని తీర్పు వచ్చింది. ఆ రోజుల్లో మా బార్‌లో దాని మీద పెద్ద చర్చ జరిగింది. రెండేళ్లకే, 1995లో రాణా ప్రతాప్ సింగ్ కేసులో ఫుల్ బెంచ్ దాన్ని కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, లైసెన్సు లేని తుపాకీతో కాల్చిన ఒక కేసులో బెయిలు విషయం వింటూ, అమెరికాలో మాదిరి ఆయుధ హక్కును మన రాజ్యాంగకర్తలు ఎవరికీ ఇవ్వలేదని, అందులో వాళ్ల వివేకం ఉందని స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు ఆ తలుపు మూసుకున్నట్టే. 21వ అధికరణం కింద తుపాకీ ఇప్పిస్తానని ఏ వకీలైనా మీకు చెబితే ఫీజు ఇవ్వకండి.

చట్టం ఆ తర్వాత బిగుసుకుంది. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు పోయి రెండు అయ్యాయి (ముందు బిల్లులో ఒక్కటే అన్నారు), పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చడం విడిగా నేరమైంది, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. ఇవన్నీ నాకు సమ్మతమే.

నాకు సమ్మతం కానిది వేరు. కొన్నేళ్ల క్రితం అడవి అంచున వేరుశనగ వేసే ఒక రైతు నా దగ్గరికొచ్చాడు. అడవిపందులు రాత్రికి రాత్రి నాలుగు సాళ్లు తవ్వి కాయలు తినేసి పోతున్నాయి. ఆయన మంచె మీద పడుకుని డబ్బా కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగాడు. పద్నాలుగు నెలలు తిరిగాక వచ్చిన జవాబు నా ముందు పెట్టాడు. చెమటకు మెత్తబడి, మడతల దగ్గర చిరిగిన కాగితం. అందులో ఒకే వాక్యం: "ప్రజా ప్రయోజనాల దృష్ట్యా మీ దరఖాస్తు తిరస్కరించడమైనది." ఏ ప్రయోజనం? పోలీసు నివేదికలో ఏముంది? ఆయన మీద కేసుందా, ఊళ్లో గొడవుందా, పొలం అడవికి దూరముందా? ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఆయన నన్ను అడిగిన మాట: "అయ్యా, నేనేం తప్పు చేశానని రాశారు?" రాయలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పీలు వేశాం. కారణాలు రాయని ఉత్తర్వు చెల్లదని కేసు వెనక్కి పంపించారు. రెండోసారి కారణాలతో ఉత్తర్వు వచ్చింది: అడవి అంచు మండలం, తుపాకీ వేటగాళ్ల చేతికి పోయే ప్రమాదం ఉందని. మళ్లీ తిరస్కరణే. కానీ ఈసారి ఆయన కాగితం చదివించుకుని, "ఇది సరే, అర్థమయింది" అని లేచాడు. కంచెకు సబ్సిడీ కోసం ప్రయత్నించుకున్నాడు. (ఒక్క మాట పక్కన: లైసెన్సు వచ్చినా పందిని కాల్చేయొచ్చని కాదు. అది 1972 వన్యప్రాణి చట్టం కిందికొస్తుంది, ఆ అనుమతి విడిగా కావాలి.) తుపాకీ దక్కకపోయినా ఆయన మనసు కుదుటపడిందంటే, తనను అనుమానించి కాదన్నారో, పరిస్థితిని చూసి కాదన్నారో తెలిసింది కాబట్టి. ఎక్కువమంది ఆఫీసర్లకు ఈ తేడా పట్టదు. 1878 చట్టం మన మొహాన పూసిన మచ్చ సరిగ్గా ఇదే: నీ మీద నమ్మకం లేదు, ఎందుకో చెప్పం.

చట్టం మనిషి పక్షాన ఎంత దూరం రాగలదో చూపించే నిబంధన ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, ఈ దళితుల ఊచకోతలు మన నేల మీదే జరిగాయి. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో మూడో నియమం చదవండి. వాళ్ల మీద దౌర్జన్యాలు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకీ లైసెన్సులు రద్దుచేసి ఆ ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఎవరిని నమ్మాలి అన్న ప్రశ్నను 1878 చట్టం బలవంతుడి వైపునుంచి అడిగితే, ఈ నియమం బలహీనుడి వైపునుంచి అడిగింది. తుపాకీ ప్రాథమిక హక్కయి ఉంటే ఆ మొదటి ముక్క, బలవంతుడి తుపాకీని జమ చేయించడం, సాధ్యమయ్యేదే కాదు. అంబేడ్కర్ 1948లో కాదన్నది ఎందుకో నాకు పూర్తిగా అర్థమైంది ఈ నియమం చదివాకే.

ఆత్మరక్షణ మాత్రం మీ హక్కుగా అలాగే ఉంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు. మీ ప్రాణానికి, ఇంకొకరి ప్రాణానికి, ఆస్తికి ముప్పు వస్తే, ముప్పుకు తగినంత బలం వాడొచ్చు. చేతికందిన రోకలితో అయినా సరే. లైసెన్సు లేని తుపాకీతో కాల్చి ప్రాణం దక్కించుకుంటే, కాల్చినందుకు బయటపడొచ్చేమో గానీ ఆ తుపాకీ మీ దగ్గరున్నందుకు ఆయుధాల చట్టం కింద కేసు మాత్రం తప్పదు.

ఇక మీ తాతగారి డబుల్ బ్యారెల్. మొన్నటి ఎన్నికలప్పుడు ఒక పెద్దాయన స్టేషన్‌లో తుపాకీ డిపాజిట్ చేస్తుంటే పక్కనే ఉన్నాను. భార్య పాత జరీ చీరలో చుట్టి తెచ్చారు. కట్టె భాగం కొబ్బరినూనెతో తళతళలాడుతోంది. కానిస్టేబుల్ ట్రిగ్గర్ గార్డుకు పురికొసతో చీటీ కడుతుంటే, "కొంచెం మెల్లిగా నాయనా, మా నాన్నది" అన్నారు. మీ ఇంట్లోదీ అలాంటిదేనని తెలుసు, అందుకే కటువుగా చెబుతున్నందుకు ఏమనుకోకండి. లైసెన్సు తుపాకీకి కాదు, మనిషికి. తాతగారు పోయిన రోజుతో ఆ లైసెన్సు పనికిరాకుండా పోయింది. ఆయన వారసుడైనా సరే, మీ పేర లైసెన్సు లేకుండా అది మీ బీరువాలో ఉండటం నేరమే. 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చెయ్యాలి. రెండు నెలలైందన్నారు, ఇంకా ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవడం కష్టమవుతుంది.

ఇలా చెయ్యండి. తూటాలు గొట్టంలో లేవని తుపాకీ సంగతి తెలిసినవాళ్లతో చూపించుకోండి, మీరు విప్పి చూడొద్దు. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు తీసుకుని, ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. తుపాకీ నంబరు, తయారీ, ఎన్ని తూటాలు అనేవి రసీదులో రాయించుకోండి, రసీదు లేకుండా ఇంటికి రావద్దు. జమ చేసినంత మాత్రాన అది పోయినట్టు కాదు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం చట్టబద్ధ వారసుడికి లైసెన్సు అడిగే అవకాశం ఇచ్చింది. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. మిగతా వారసులు, అంటే మీ నాన్నగారు, బాబాయిలు, అత్తలు, తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. దరఖాస్తుతో పాటు తుపాకీ వాడకం మీద శిక్షణ పత్రం కావాలి. పోలీసు నివేదిక 30 రోజుల్లో, అది వచ్చాక ఉత్తర్వు 60 రోజుల్లో రావాలన్నది నియమం. ఆలస్యమైతే ఆ గడువులు చూపించి గుర్తుచేస్తూ రాయండి, నోటితో అడిగి ఊరుకోకండి.

ఇస్తే సంతోషం. కాదంటే ఉత్తర్వు నకలు తీసుకుని, అందులో కారణాలు రాశారో లేదో చూడండి. రాయకపోతే 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ పేరెత్తి రాతపూర్వకంగా కారణాలు అడగండి. అప్పీలుకు 30 రోజుల గడువు, అది దాటనివ్వకండి. ఉత్తర్వు చేతికొచ్చాక అందులో ఏముందో ఇక్కడే రాయండి, పేర్లు తీసేసి. చదివి ఏం చెయ్యొచ్చో చెబుతాను.